మైనస్ మేస్త్రీ బిగించిన రెండో బ్యాటరీ

ఆయన్ని అందరూ మైనస్ మేస్త్రీ అనేవాళ్ళు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. కారు కానివ్వండి, లారీ కానివ్వండి, ఏ బండి షెడ్డు ముందు ఆగినా ఆయన బానెట్ ఎత్తి మొట్టమొదట చేసే పని ఒక్కటే: బ్యాటరీ మైనస్ వైరు విప్పి పక్కకి వంచి పెట్టడం. ఉత్త బల్బు మార్చాలన్నా అంతే. "బల్బే కదా మేస్త్రీ, దానికి బ్యాటరీతో ఏం పని?" అని ఎవరైనా నోరు జారితే, "ముందు మైనస్. తర్వాతే మాట. తొందరుంటే ఆ ఎదర షెడ్డుకి పో" అనేవాడు. కుర్రతనంలో ఓసారి వైరు విప్పకుండా, చేతికి గడియారం ఉండగానే స్పానర్ దూర్చాడట. ఉక్కు పట్టీ ఎర్రగా కాలి మణికట్టు చుట్టూ ముద్ర పడిపోయింది. ఆ రోజునుంచీ ఆ చెయ్యి ఆయన మాట కూడా వినేది కాదు. బానెట్ తెరిస్తే చాలు, దానంతటదే మైనస్ మీదికి వెళ్ళిపోయేది.

మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. పని చేస్తున్నంతసేపూ బండిని తిడతాడు, బండి చేసినవాణ్ణి తిడతాడు, అంతకుముందు దాని మీద చెయ్యి వేసిన మేస్త్రీని తిడతాడు. తిట్లు అయిపోయేసరికి బండి బాగుపడి ఉంటుంది.

ఆయనకో తమ్ముడు ఉండేవాడు. అన్న ఎంత చిటపటలాడేవాడో తమ్ముడు అంత సరదా మనిషి. ముఖాలు కలవవు, గుణాలు కలవవు. గొంతులు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టుండేవి. షెడ్డు ఫోనెత్తి హలో అంటే, అవతలివాళ్ళు "అన్నా, తమ్ముడా?" అని అడగాల్సిందే. తమ్ముడు దాన్ని అడ్డం పెట్టుకుని, అన్నలాగే గొంతు బిగించి "రేపొద్దున బండి రెడీ" అని అడిగినవాడికల్లా మాట ఇచ్చేసేవాడు. మర్నాడు జనం వచ్చి అన్న మీద పడేవాళ్ళు. అన్న స్పానర్ పట్టుకుని తమ్ముడి వెంట పడేవాడు.

తమ్ముడికి ఓ జీపు ఉండేది. కొండల మీద టెలిఫోన్ టవర్లు బాగుచేసేవాళ్ళని, వాళ్ళ సామాన్లని రోడ్డన్నదే లేని చోటికి ఎక్కించి దించడం అతని పని. చేతి ఫోన్లు ఇంకా రాని రోజులవి. ఓ రోజు బజార్లోకి కొత్త సరుకొచ్చిందని ఓ డబ్బా పట్టుకొచ్చాడు. రివర్స్ గేరు వేస్తే కూసే హారన్ డబ్బా. వింతేమిటంటే, దాని మీదున్న ఎర్ర బటన్ నొక్కి మన గొంతు మనమే ఎక్కించుకోవచ్చు. అన్నకో పాడలవాటు ఉంది. వెనక లైటు చూస్తూ బండి వెనకే వంగి నిలబడిపోతాడు, లోకం మునిగినా కదలడు. జీపు వెనక డబ్బా బిగించడం అయ్యాక తమ్ముడు ఆ బటన్ నొక్కి, షెడ్డంతా దద్దరిల్లేలా అరిచాడు: "అన్నయ్యా, పక్కకి తప్పుకో!" అని. అని పగలబడి నవ్వి, ఆ నవ్వులోనే, "నీకేమన్నా అయితే వదిన నన్ను బతకనివ్వదు!" అని ముగించాడు.

"నీ మొహం, చెరిపెయ్యరా దాన్ని" అన్నాడు మేస్త్రీ.

చెరపలేదు. ఎందుకు చెరుపుతాడు? వీధిలో అందరూ దానికి నవ్వడమే.

ఆ తర్వాత ఓ వాన పడ్డ రోజు, కొండ మలుపులో లారీ ఆగిపోయింది, లైట్లు వెలగడం లేదు అని షెడ్డుకి కబురొచ్చింది. అది మేస్త్రీకి వచ్చిన పని. ఆయన చేతిలో వేరే బండి విప్పి ఉంది. "నువ్వెళ్ళి చూసిరారా, ఫ్యూజే అయ్యుంటుంది" అన్నాడు. తమ్ముడు వెళ్ళాడు. అంచు నుంచి లారీని వెనక్కి రప్పించడానికి దాని వెనక నిలబడి చెయ్యి ఊపుతున్నాడట. మట్టి మెత్తబడి ఉంది, లారీ ఒక్కసారిగా జారింది. నడిపేవాడికి వెనక ఏముందో కనిపించలేదు.

"అన్నయ్యా తప్పుకో అన్నాడు. నేను తప్పుకున్నాను. వాడు పోయాడు." మేస్త్రీ ఈ మాట జీవితంలో ఒక్కసారే అన్నాడు, భార్య దగ్గర. ఆవిడ చీరకొంగుతో ఆయన మొహం తుడిచి, మళ్ళీ ఆ మాట ఎత్తొద్దంది. ఆయన ఎత్తలేదు. జీపు ఎత్తేది.

మేస్త్రీ ఇల్లూ, తమ్ముడి ఇల్లూ ఎదురెదురు. ఆ సందు ముందుకి పోతే గోడే, బండి తిప్పడానికి చోటు లేదు. పెద్దరోడ్డు ఎక్కాలంటే మొత్తం సందంతా వెనక్కే నడపాలి. మరదలు ధైర్యం గల మనిషి. కొన్నాళ్ళు ఏడ్చి, తర్వాత డ్రైవింగ్ నేర్చుకుని, మొగుడి జీపూ మొగుడి పనీ రెండూ తన చేతిలోకి తీసుకుంది. పొద్దున్నే ఎక్కి కూర్చుని రివర్స్ వేసేది. వీధంతా వినేది.

"అన్నయ్యా, పక్కకి తప్పుకో!"

మొదటిరోజు పక్కింటామె చేతిలో పాలగిన్నె జారి గడపంతా పాలయింది. ఆ వెనకింటి ముసలాయన "పోయినవాళ్ళ చేత అలా కేకలు పెట్టించకూడదమ్మా" అని చెప్పబోయాడు గానీ, ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాడు. పోను పోను అందరికీ అలవాటైంది. అలవాటు కానిది మేస్త్రీకే. ఆ కేక పిలిచేది ఎవర్ని మరి? వీధిలో ఇంకెవరికైనా అయితే అది హారన్, ఈయనకి పిలుపు. గడ్డం గీసుకుంటుంటే గాటు పడేది. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ, కేక వినగానే నిజంగానే పక్కకి జరిగి నిలబడేవాడు, నీళ్ళు నేలపాలయ్యేవి. జీపు బయల్దేరకముందే షెడ్డుకి పారిపోవాలని చూసేవాడు. షెడ్డులో ఏ బండి వెనక్కొస్తూ కూతపెట్టినా చేతిలో పని వదిలేసేవాడు. తమ్ముడు ఇంకా వెనకే నిలబడి ఉన్నాడనిపించేది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

"ఆ గొంతేదో టేపులో పెట్టుకుని, డబ్బా మార్చెయ్యవే" అని మేస్త్రీ భార్య తోటికోడలికి మెల్లగా చెప్పి చూసింది.

"టేపులో పెడితే పోయిన మనిషి గొంతవుతుందక్కా. జీపులో ఉంటే పని మీదున్న మనిషి గొంతు" అంది ఆవిడ.

ఓ రోజు ఆ మరదలే జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. ఇంజన్ ఆపలేదు.

"బావగారూ, నిన్న కొండ మీద ఇంజన్ అందుకోలేదు. టవర్ వాళ్ళు ఆగున్న బండికి లైట్లు తగిలించుకుని పని చేసుకున్నారు. చివరికి తోయించుకుని దిగాను."

"బ్యాటరీ ముసలిదైపోయిందమ్మా. మార్చేద్దాం."

"మారిస్తే ఆయన గొంతు పోతుంది."

"పోతుందని నీకెవరు చెప్పారు?"

"మీరే. 'ఈ డబ్బాకి బుర్ర లేదు, కరెంటు రెప్పపాటు ఆగినా ఎక్కించిందంతా మరిచిపోతుంది' అని బిగించిన రోజే తిట్టారు." ఆవిడ స్టీరింగ్ వదల్లేదు. "ఇవాళ పొద్దున గొంతు సాగింది బావగారూ. ఆయన కాదు, ఎవరో పెద్దాయన లోపల్నించి మూలిగినట్టుంది. నాకు చాలా భయమేసింది. వెనక సామాన్లు పెట్టే చోట ఇంకో బ్యాటరీ పెట్టండి. టవర్ వాళ్ళ లైట్లన్నీ దానికి తగిలించండి. ముందుది ఇంజనుకీ ఆయనకీ ఉంచండి. దాని వైరు మాత్రం విప్పొద్దు. మీరైతేనే విప్పకుండా చేస్తారని మీ దగ్గరికొచ్చాను."

చూశారా! మైనస్ మేస్త్రీ దగ్గరికొచ్చి మైనస్ విప్పొద్దనడం! ఇంకెవరైనా అయితే బండితో సహా బయటికి గెంటేవాడు. ఈసారి బానెట్ మీద చెయ్యి వేశాడు. ఆయన మనసులో ఏముందో నేను దాచను. ఒక్క నట్టు, ఒక్క తిప్పు, రేపటినుంచి ఆ పిలుపు ఉండదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. "సరేనమ్మా, ఇంటి దగ్గరే చేస్తాను. ఆదివారం" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే సామాన్ల సంచి మోసుకుని ఎదురింటి ముందుకి వెళ్ళాడు. చెయ్యి మాట వినదని తెలుసు కదా, ముందు ఆ చేతికే బుద్ధి చెప్పాలనుకున్నాడో ఏమో, కరెంటు ఉండగా ఇనుముకి ఇనుము తగిలి నిప్పు రేగకుండా, పాత సైకిల్ ట్యూబు కోసి స్పానర్లన్నింటికీ తొడుగుల్లా తొడిగాడు. పని వెనకనుంచి మొదలుపెట్టాడు. జీపు వెనక తలుపు తీసి, చాప ఎత్తి, నేల రేకు కిందికి దూరి పెట్రోలు గొట్టం ఎటు పోతోందో చూసుకున్నాకే బెజ్జాలు వేశాడు. ఇనుప ట్రే బోల్టులతో బిగించాడు. కొత్త బ్యాటరీ అందులో కూర్చోబెట్టి పైన పట్టీ వేసి, రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. గుంటల్లో ఎగిరే బండి, బ్యాటరీ కదిలిందంటే కొంప మునుగుతుంది.

ఆవిడ పక్కనే నిలబడి అడుగుతోంది. ఆయన తిట్టకుండా జవాబు చెబుతున్నాడు. అదే వింత.

"వైరుకి రెండు వైపులా ఫ్యూజు ఎందుకు బావగారూ?"

"రెండు వైపులా బ్యాటరీ ఉంది కనక. వైరు మధ్యలో ఎక్కడ ఒరుసుకుని తెగినా నిప్పు రెండు వైపులనుంచీ వస్తుంది. ఒక వైపే పెడితే రెండో వైపునుంచి బండి తగలబడుతుంది."

"మరి ముందున్న ఆ చిన్న డబ్బా?"

"అది రిలే. ఇంజన్ తిరుగుతుంటే రెండు బ్యాటరీల్నీ కలుపుతుంది, రెండూ చార్జి అవుతాయి. ఇంజన్ ఆగిందా, రెండిట్నీ విడదీసేస్తుంది. ఇంక ఎవరి కాపురం వాళ్ళది. టవర్ వాళ్ళు వెనకదాన్ని పీల్చి పిప్పి చేసినా ముందుదానికి చీమ కుట్టినట్టైనా ఉండదు."

వైరు తలుపు అంచు వెంట, చాప కిందుగా, రబ్బరు తొడుగుల్లోంచి ముందుకి లాగాడు. ముందు బ్యాటరీ ప్లస్ బోల్టుకి కొత్త వైరు తగిలించేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. పాత వైరు బోల్టు మీదనుంచి లేవకుండా బొటనవేలితో అదిమిపెట్టి, దాని మీదే కొత్తది కూర్చోబెట్టి, నట్టు తిప్పాడు. స్టీరింగ్ పక్కన డాష్ మీదున్న అంకెల గడియారం రెప్ప కూడా వెయ్యలేదు. ఇంజన్ స్టార్ట్ చెయ్యమన్నాడు. రిలే టక్కుమంది. వెనక తగిలించిన బల్బు ధగధగమంది. ఇంజన్ ఆపమన్నాడు. మళ్ళీ టక్కుమంది, రిలే విడిపోయింది. బల్బు వెలుగుతూనే ఉంది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "రక్షించారు బావగారూ. ఉండండి, టీ తెస్తాను" అని లోపలికెళ్ళింది.

ఆయన ఒక్కడే మిగిలాడు. ముందు బ్యాటరీ తల మీద పచ్చగా, తెల్లగా పొడి పేరుకుని ఉంది. అది ఉంటే చార్జి సరిగ్గా ఎక్కదు. ఇంత పనీ చేసి అది వదిలేస్తే ఎలా? గోరువెచ్చటి నీళ్ళు పోసి, బ్రష్ పెట్టి తోమితే అయిపోతుంది. వెనక నిండు బ్యాటరీ ఉందిగా, గొంతుని అది మోస్తుంది. అలా అనుకున్నాడు, నిజంగా అలాగే అనుకున్నాడు. స్పానర్ మైనస్ మీద పెట్టి తిప్పి, వైరు ఎత్తి పక్కకి వంచాడు.

డాష్ మీద గడియారం ఆరిపోయింది.

ఇంజన్ ఆగి ఉంది. ఎవరి కాపురం వాళ్ళది. నిమిషం కిందట ఆయన నోటితో ఆయనే చెప్పాడు. వెనక బల్బు ధగధగా వెలుగుతోంది, ముందు అంతా చీకటి. వైరు మళ్ళీ పెట్టేశాడు, నట్టు బిగించాడు. గడియారం వెలిగింది, సున్నాలు చూపిస్తూ. సీటులో కూర్చుని తాళం తిప్పి రివర్స్ వేశాడు. డబ్బాలోంచి సన్నగా సొయ్‌ మన్న చప్పుడు వచ్చింది, అంతే.

పొరపాటంటారా? ఇన్నేళ్ళ అలవాటంటారా? ఆ రోజు షెడ్డులో వచ్చిన ఆలోచన చేతిలోకి దిగిందంటారా? ఆయన చచ్చేదాకా అదే అడుక్కున్నాడు, జవాబు దొరకలేదు. నేనెవర్ని చెప్పడానికి? ఆ క్షణంలో మాత్రం ఆయనకి తెలిసింది ఒక్కటే. ఇన్నాళ్ళూ పోతే బాగుండుననుకున్న గొంతు పోయింది, తమ్ముడు ఇవాళే చనిపోయాడు. మొదటిసారి వాడు కొండ మీద పోయాడు, ఈసారి తన చేతుల్లో పోయాడు.

వంటింట్లో గ్లాసుల చప్పుడైంది. ఆవిడ ఇప్పుడో క్షణంలోనో వస్తుంది. ఆయన వెనక్కెళ్ళి వంగి, డబ్బా మీద ఎర్ర బటన్ నొక్కాడు. "అన్నయ్యా" అని పిలిచాడు. ఆ ఒక్క మాట దగ్గరే బటన్ వదిలేశాడు. మళ్ళీ నొక్కాడు. గొంతులు ఒకటే, సందేహం లేదు. మాటలు రోజూ పొద్దున్నే విన్నవే, గుక్క తిప్పుకోకుండా వచ్చేశాయి. నవ్వు దగ్గరే వచ్చింది చిక్కు. ఆయనెప్పుడు నవ్వాడు గనక? పళ్ళు బిగించి, కళ్ళనీళ్ళు కారుతుండగా, పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఏడుపులోకి తిరిగేలోపు మిగతా మాట పూర్తి చేశాడు. బటన్ వదిలేశాడు.

మరదలు టీ గ్లాసు బానెట్ మీద పెట్టి, ఎక్కి కూర్చుని రివర్స్ వేసింది.

"అన్నయ్యా, పక్కకి తప్పుకో!" అంది జీపు. నవ్వింది. "నీకేమన్నా అయితే వదిన నన్ను బతకనివ్వదు!" అంది.

ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కాసేపు కదలకుండా కూర్చుంది. మేస్త్రీ స్పానర్లు ఒక్కొక్కటే సంచిలో వెయ్యసాగాడు.

"గొంతు గట్టిగా వస్తోంది బావగారూ" అంది, ఇటు తిరక్కుండానే. "కొత్త బ్యాటరీ వల్లేనా?"

"అవునమ్మా. కరెంటు నిండుగా ఉంది కదా."

"టీ తాగండి. చల్లారిపోతుంది."

ఆయన తాగాడు. వేడిగా ఉందో, చల్లగా ఉందో కూడా గమనించలేదు.

మర్నాడు పొద్దున ఆయన పారిపోలేదు. గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు కూర్చున్నాడు. నిన్న పొద్దున గుడికెళ్ళి కేక వినని ఆయన భార్య, ఇవాళ గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురింటి ముందు జీపు స్టార్ట్ అయింది, రివర్స్ పడింది, కేక వినిపించింది. అద్దంలోంచి ఆయన్ని ఆయనే పిలుస్తున్నట్టుంది. చెయ్యి ఆగిపోయింది. వెనక చిక్కుడుకాయలు విరిగే చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఏమయ్యా" అంది భార్య. గొంతులో కోపం లేదు. "నన్ను వదినంటున్నావేమిటి?"

ఆయన కత్తి కింద పెట్టాడు.

"ఏం చేశావు? చెరిపేశావా?"

"అందరూ ఇద్దరి గొంతూ ఒకటే అంటారు కదే..." అన్నాడు చివరికి.

"అందరూ అంటారు. నీతో కాపురం చేసినదాన్ని, నీ గొంతేదో అతని గొంతేదో నాకు తెలీదూ?"

ఆ మాట అన్నాక ఆవిడకి కూడా అర్థమైంది కాబోలు, చేతిలో కాయ అలాగే పట్టుకుని ఎదురింటి వైపు చూసింది. ఆవిడ చూపు వెంటే మేస్త్రీ కూడా చూశాడు. సబ్బు నురగ మొహంతోనే గుమ్మంలోకి వచ్చాడు. తమ్ముడితో కాపురం చేసిన మనిషి అక్కడ జీపులో ఉంది. నిన్న మొదటి మాటకే ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది. తెలిసే టీ తాగమంది.

జీపు సందు మధ్యలో ఆగి ఉంది. మరదలు ఆయన్ని చూసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఒక్క క్షణం తల స్టీరింగ్‌కి ఆనించి, మళ్ళీ ఎత్తింది. గేరు తీసి మళ్ళీ రివర్సే వేసింది.

జీపు అన్నయ్యని పక్కకి తప్పుకోమని అరుస్తూ, మేస్త్రీ గొంతుతో నవ్వుతూ, సందు చివరిదాకా వెనక్కి వెళ్ళింది.